పాత ఆల్టో మైలేజీ పడిపోయింది, ఏం మార్పించాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. 2009 ఆల్టో ఎల్‌ఎక్స్‌ఐ, పెట్రోలు బండి, లక్షా పదిహేను వేల కిలోమీటర్లు తిరిగింది. వారంలో నాలుగు రోజులు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం వెళ్ళొస్తాను. మునుపు లీటరుకి 17, 18 వచ్చేది. ఇప్పుడు 13 రావడమే గగనంగా ఉంది. రెండేళ్ళ కిందట వేసవిలో బండి హీటెక్కితే మెకానిక్ లోపలున్న వాల్వు తీసేశాడు, అప్పట్నుంచి ఆ గొడవ లేదు. ఆ ఏడే 13 అంగుళాల అల్లాయ్ వీల్స్, 165/65 టైర్లు వేయించాను. పైన క్యారియర్ కూడా ఉంది. వీడియోల్లో చూస్తే విదేశాల్లో బండి కింద షీటు బిగించి, ముందు గ్రిల్లు మూసి, వెనక చక్రాలకు మూతలు పెట్టి మైలేజీ పెంచుకుంటున్నారు. అవి చేయించనా? కోన్ ఫిల్టరు, పెట్రోలు పైపుకి కట్టే అయస్కాంతం పనిచేస్తాయా? ఇవన్నీ ఎందుకని సీఎన్‌జీ పెట్టించేయనా?

సమాధానం: మీ ప్రశ్నకి జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉందండి. తీసేసిన వాల్వు, వేయించిన టైర్లు, పైన క్యారియర్. ముందు ఈ మూడూ సరిచేయండి. కంపెనీ ఇచ్చిన స్థితికి బండి తిరిగి రాకుండా దాని మీద ఏ కొత్త మార్పు చేసినా, అది లాభమో నష్టమో తేల్చుకోవడానికి కూడా వీలుండదు.

మీ మెకానిక్ తీసింది థర్మోస్టాట్. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ రేడియేటర్‌కి నీళ్ళు వెళ్ళకుండా ఆపి, 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే చిన్న తలుపు అది. దాన్ని తీసేస్తే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతాయి. ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. మీది ఎంపీఎఫ్‌ఐ బండి కనుక ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది, ఆ లెక్కలో నీళ్ళ వేడి చూపే సెన్సరు మాట ముఖ్యం. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని అది మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచుతూనే ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి పాలకొల్లు చేరేదాకా సగం చోకు లాగి నడిపినట్టే. ఆయిలు చిక్కగానే ఉండిపోతుంది, సిలిండర్ గోడల మీద పెట్రోలు జారి ఆయిల్లో కలుస్తుంది, రింగులు తొందరగా అరుగుతాయి. హీటు గొడవ పోయిందంటున్నారు. అసలు జబ్బు అలాగే ఉంది, బయటికి కనిపించడం మానేసింది, అంతే.

కాబట్టి కొత్త థర్మోస్టాట్ వేయించే ముందు, ఆ రోజు బండి ఎందుకు హీటెక్కిందో తేల్చండి. తీరం దగ్గరి మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళే రేడియేటర్‌లో పోస్తూ వస్తే లోపలి సన్న గొట్టాల్లో సున్నంలా పేరుకుంటుంది, అల్యూమినియం భాగాలు తినేస్తుంది. రేడియేటర్ విప్పి శుభ్రం చేయించండి. మూత రబ్బరు గట్టిపడిందేమో చూడండి, మూత ఒత్తిడి నిలపకపోతే నీళ్ళు ముందే మరుగుతాయి. ఏసీ వేయగానే, ఇంజన్ బాగా వేడెక్కగానే ఫ్యాను తిరుగుతోందో లేదో గమనించండి. వాటర్ పంపు దగ్గర తెల్లటి చార కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే.

కొత్తది కొన్నాక ఇంట్లోనే పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి కాచండి. చల్లటి నీళ్ళలో మూసుకుని ఉండాలి, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు దానిమీద ఉండే చిన్న గాలి రంధ్రం పైకి ఉండాలి, గాస్కెట్ కొత్తది వేయాలి. కూలెంటు గాఢరకమైతే దాన్ని 30 శాతం, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు 70 శాతం కలిపితే మన వాతావరణానికి చాలు. గడ్డకట్టే చలి మనకి లేదు, తుప్పు ఆపడమే మనకి కావలసింది. నింపాక హీటరు పూర్తి వేడి మీద పెట్టి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. పూర్తిగా చల్లారాకే మూత తీసి తగ్గిన మేరకు పోయండి. ఈ గాలి తీసే పని వదిలేస్తే వారంలో మళ్ళీ హీటెక్కుతుంది, మళ్ళీ థర్మోస్టాట్ మీద నింద పడుతుంది. పని సరిగా జరిగిందనడానికి గుర్తు: చల్లటి బండి స్టార్ట్ చేసి, ఇంజన్ నుంచి రేడియేటర్‌కి వెళ్ళే పై హోస్ పట్టుకుంటే కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటినుంచీ మెల్లమెల్లగా గోరువెచ్చనైతే లోపల వాల్వు లేదనో, తెరిచి ఇరుక్కుపోయిందనో అర్థం.

ఇక టైర్లు. మీ బండికి కంపెనీ ఇచ్చింది 145/80 ఆర్12. దాని ఎత్తు సుమారు 537 మిల్లీమీటర్లు. మీరు వేసిన 165/65 ఆర్13 ఎత్తు 545. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఒకటిన్నర శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. మీటరు 100 చూపినప్పుడు మీరు నిజంగా వెళ్ళింది 101.5. మీ 13 నిజానికి 13.2 అన్నమాట. అది కాస్త ఊరట, కానీ నష్టం వేరేచోట ఉంది. 20 మిల్లీమీటర్లు వెడల్పైన టైరు, చాలా అల్లాయ్‌లకి ఉండే అదనపు బరువు 796 సీసీ ఇంజన్‌కి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా భారమే. పాత ఇనుప రిమ్ములు అటక మీద ఉంటే దింపించి, 145/80 ఆర్12 టైర్లు వేయించండి. లేవంటే ఇప్పుడున్నవి అరిగేదాకా వాడండి. మైలేజీ కోసమే బాగున్న టైర్లు పారేస్తే ఆ డబ్బు తిరిగి రాదు. అసలు సైజుకి గాలి ఎంతో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది, సాధారణంగా 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల. దానికి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టుకోవచ్చు. నలభై పెడితే ఇంకా బాగా పోతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి. దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కించిన బురద మీద, చేపల లారీలు కార్చిన నీళ్ళ మీద, కాలవ గట్టు మలుపులో గట్టిపడ్డ సన్నటి టైరుకి పట్టు ఉండదు. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి.

క్యారియర్ దింపేయండి. అవసరమైన రోజున నాలుగు బోల్టులు బిగించుకోవచ్చు.

ఇప్పుడు మన డెల్టాకి ఉన్న సుగుణం ఒకటి వాడుకుందాం. నేల బల్లపరుపు కనుక ఖర్చు లేకుండా బండి ఎక్కడ పట్టేస్తోందో తెలుసుకోవచ్చు. తెల్లవారుజామున, సముద్రపు గాలి లేవకముందు, రద్దీ లేని తిన్నటి రోడ్డు చూసుకోండి. అరకిలోమీటరు ఉంటే చాలు. హైవే మీద వద్దు. వెనక వచ్చే బండ్లని చూడడానికి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. పది కిలోమీటర్లు నడిపి టైర్లు వెచ్చబడ్డాక, 45 వేగం అందుకుని న్యూట్రల్ చేయండి. ఇంజన్ ఆపొద్దు. ముల్లు 40 దగ్గరున్నప్పటి నుంచి 20కి దిగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. అటు ఒకసారి, ఇటు ఒకసారి చేసి సగటు తీయండి. ఇద్దరున్న ఆల్టోకి, మామూలు తారు రోడ్డు మీద, లెక్క ప్రకారం 30 నుంచి 35 సెకన్లు రావాలి. పాతిక కూడా రాకపోతే ఏదో చక్రం బిగుసుకుంది.

బిగుసుకునేది చాలావరకు బ్రేకులే. తేమ, ఉప్పుగాలి, వానాకాలంలో రోడ్ల మీద నీళ్ళు, వీటికి ముందు క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జారే పిన్నులు తుప్పు పడతాయి. బ్రేకు వదిలినా ప్యాడు డిస్కుని వదలదు. ఐదారు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి. తాకకముందే సెగ తగిలేది దొంగ చక్రం. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ముందు చక్రం కొద్దిపాటి రాపిడి శబ్దంతోనైనా తేలిగ్గా తిరగాలి. పిన్నులు బయటికి తీసి, తుప్పు గీకి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు మాత్రమే రాయించండి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బి, నెలలో మళ్ళీ పట్టేస్తుంది. వెనక డ్రమ్ముల్లో షూలు మరీ దగ్గరగా పెట్టారేమో, హ్యాండ్ బ్రేకు రెండు క్లిక్కులకే బిగుస్తోందేమో చూడండి. ముసురు రోజుల్లో రాత్రంతా హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే షూ డ్రమ్ముకి అంటుకుపోతుంది. చదునైన వాకిట్లో గేరులో వదిలి, చక్రానికి ఇటుక అడ్డం పెడితే సరిపోతుంది. టైరు మీద అరచేయి ఇటూ అటూ రాస్తే ఒకవైపు నునుపుగా, మరోవైపు రంపంలా తగిలితే అలైన్‌మెంటు తప్పింది. చవకలో అయ్యే పని, వాయిదా వేయకండి.

విదేశీ వీడియోల సంగతి. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. గంటకి 100, 110 వేగంతో గంటల తరబడి పోయే రోడ్ల మీద ఆ షీట్లు, మూతలు పనిచేస్తాయి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. మీ ఆల్టో ఇద్దరితో 850 కిలోలనుకుంటే, టైర్లు దొర్లడానికి సుమారు 100 న్యూటన్ల బలం కావాలి. 40 వేగంలో గాలి అడ్డు దానిలో సగం కూడా ఉండదు. అరవై దగ్గర రెండూ సమానమవుతాయి, 80 దగ్గర గాలిది రెట్టింపు దాకా పోతుంది. రాజోలు, పాలకొల్లు, భీమవరం మధ్య మీ సగటు వేగం ఎంతో మీకే తెలుసు. ఊరికో బజారు, మలుపుకో ధాన్యం ట్రాక్టరు. ఆ వేగంలో గాలిని సగానికి తగ్గించినా మిగిలేది స్వల్పం, కింద షీటు అంత తగ్గించదు కూడా.

షీటు వద్దనడానికి ఇంతకంటే పెద్ద కారణం గడ్డి. కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన గడ్డి బండి కిందికి చుట్టుకుంటుంది. షీటుకీ సైలెన్సరు గొట్టానికీ మధ్య ఆ ఎండుగడ్డి ఇరుక్కుని, పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు. షీటు లేకపోయినా ఆ రోజుల్లో సాయంత్రం ఒకసారి వంగి చూడండి. గ్రిల్లు మూయడం మీ బండికి అసలే పనికిరాదు, హీటు చరిత్ర ఉన్న బండి అది. వెనక చక్రాల మూతల్లో బురద నిండి బరువే పెరుగుతుంది. ఇక బండి రూపం కంపెనీ ఇచ్చినదానికి తేడాగా మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది.

మన రోడ్ల మీద పెట్రోలు తాగేది గాలి కాదు, స్పీడ్ బ్రేకర్. 50లో పోతున్న 850 కిలోల బండిలో దాదాపు 82 కిలోజూళ్ళ శక్తి ఉంటుంది. బ్రేకు తొక్కి 15కి దించితే అందులో తొంభై శాతం బ్రేకు వేడిగా పోతుంది. మళ్ళీ 50కి తేవడానికి, ఇంజన్ పెట్రోలులో ఐదో వంతు శక్తినే చక్రాలకి ఇస్తుందనుకుంటే, 12 మిల్లీలీటర్ల దాకా ఖర్చు. దారిలో అలాంటివి ఇరవై తగిలితే పావు లీటరు. మీ మార్గంలో ఇరవై తక్కువే అవుతుందేమో! దీనికి మందు ముందుచూపు. రోజూ వెళ్ళే దారే కదా, బ్రేకర్ ఎక్కడుందో మీకు తెలుసు. వంద, నూటయాభై మీటర్ల ముందే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేయండి. గేరులోనే ఉంచండి. గేరులో ఉండి, ఇంజన్ కాస్త వేగంగా తిరుగుతూ, కాలు పూర్తిగా తీస్తే ఎంపీఎఫ్‌ఐ బండి పెట్రోలు చిమ్మడమే ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండడానికి చిమ్ముతూనే ఉంటుంది. చించినాడ వంతెన దిగుతూ ఇంజన్ ఆఫ్ చేసే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. రెండు తొక్కులకి, మన కాలి బలానికి తోడయ్యే బ్రేకు బూస్టరులో వాక్యూమ్ అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడి, ఎంతో బలంగా తొక్కితే తప్ప బండి ఆగదు.

ఇంజన్ పనుల్లో అవసరమైనవి కొద్దే. మూడు ప్లగ్గులూ విప్పి రంగు చూడండి. మసి నల్లగా, పొడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, థర్మోస్టాట్ లేని బండిలో అలాగే ఉంటుంది. కొత్త ప్లగ్గులు థర్మోస్టాట్ వేశాకే వేయండి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గులకి కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్ల మీద కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే, లీకైన చోట నీలం రవ్వలు కనిపిస్తాయి. చేయి పెట్టకండి. తర్వాత, పొగలో ఆక్సిజన్ చూసి కంప్యూటరుకి చెప్పే ఆక్సిజన్ సెన్సరు. బాగున్నది వేడి ఇంజన్‌లో 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఎడతెగకుండా ఊగుతుంది. ఒకేచోట నిలబడిపోతే మార్చాల్సిందే. మీ బండి వయసుకి ఫోనుకి కలిపే చవక స్కానర్లు కలవకపోవచ్చు, మల్టీమీటరుతో చూడగల ఎలక్ట్రీషియన్‌ని వెతకండి. ఆయిలు మాన్యువల్లో రాసిన పలచని రకమే పోయించండి. పాత బండి కదా అని 20డబ్ల్యూ50 అనే చిక్కటి రకం పోసేస్తుంటారు. ఆయిలు తాగని ఇంజన్‌కి ఆ చిక్కదనం దండగ.

అసలు ఎయిర్ ఫిల్టరు డబ్బా తీసేసి పెట్టే కోన్ ఫిల్టరు బానెట్ లోపలి వేడిగాలిని, నూర్పిళ్ళ దుమ్మునీ పీలుస్తుంది. వద్దు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే కార్బురేటర్ బండ్లలో మైలేజీ పడిపోయేది కానీ, ఎంపీఎఫ్‌ఐలో పడేది ముఖ్యంగా పికప్. సమయానికి అసలుది మార్చుకుంటే చాలు. అయస్కాంతం, లైటర్ సాకెట్టులో గుచ్చే డబ్బా, నీళ్ళ నుంచి గ్యాసు తీసే కిట్టు, వీటిలో ఏదీ పనిచేయదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది, ఎక్కువ శాతం వాటిలో ఏ లాభమూ కనపడలేదు.

మీ నష్టంలో కొంత మీ చేతిలో లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పాత 17 ఈ లెక్కన 16 దగ్గర ఆగుతుంది, దానికోసం మెకానిక్‌తో పోట్లాడి లాభం లేదు. అయితే ఈ పెట్రోలు పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. పెట్రోలు హోసులు పగిలాయేమో, ట్యాంకు మూత వాషరు ఉబ్బిందేమో చూడండి. మార్చేటప్పుడు జే30ఆర్9 అని ముద్ర ఉన్న ఇంజెక్షన్ హోసే అడగండి. ఫ్యూయెల్ ఫిల్టరు ఒకసారి మార్పించండి. ఇథనాల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలించి అక్కడికి చేరుస్తుంది. ఈ తేమలో సగం ట్యాంకుతో వారాలు నిలిపేయడం మంచిది కాదు. లోపల చేరిన నీటిని ఇథనాల్ పట్టుకుని, హద్దు దాటితే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి.

సీఎన్‌జీ గురించి తొందర వద్దు. మీ ఆర్సీకి పదిహేనేళ్ళు 2024లోనే నిండి ఉంటాయి, రెన్యువల్ ఐదేళ్ళకే. ఆ మిగిలిన కాలంలో కిట్టు ఖర్చు తిరిగి రావాలి. లెక్క ఇలా కట్టండి: పెట్రోలు 110 రూపాయలు, మైలేజీ 16 అయితే కిలోమీటరుకి దాదాపు ఏడు రూపాయలు. కిలో గ్యాసుకి 20 కిలోమీటర్లనుకుని, మీ దగ్గరి బంకులో గ్యాసు కిలో ధరని 20తో భాగించండి. తేడాని మీ నెల కిలోమీటర్లతో గుణించి, కిట్టు ధరని దానితో భాగిస్తే ఎన్ని నెలలో తెలుస్తుంది. 13తో లెక్క కట్టకండి, అది జబ్బుపడ్డ బండి మైలేజీ, దాంతో చూస్తే గ్యాసు లేని లాభం చూపిస్తుంది. డిక్కీ పోతుంది, సిలిండరు బరువు వెనక స్ప్రింగుల మీద పడుతుంది, మూడేళ్ళకోసారి సిలిండరు పరీక్ష తప్పనిసరి, ఆర్సీలో, ఇన్సూరెన్సులో ఎక్కించాలి. ఇంకొకటి, గ్యాసు ఒత్తిడి తగ్గించే రిడ్యూసర్ ఇంజన్ వేడినీళ్ళతోనే వెచ్చబడుతుంది. థర్మోస్టాట్ లేని బండికి కిట్టు పెడితే అది మంచుగడ్డలా చల్లబడి, ఇంజన్ అదురుతుంది.

మైలేజీ కొలిచేటప్పుడు ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ తనంతట తాను ఆగిన మొదటి క్లిక్కు దగ్గరే ఆపించండి. మూడు ట్యాంకుల కిలోమీటర్లు కలిపి, పోసిన లీటర్లతో భాగించండి. టైర్లు పాత సైజుకి మార్చేదాకా ఆ వచ్చినదాన్ని 1.015తో గుణించుకోవాలి. థర్మోస్టాట్, బ్రేకులు, క్యారియర్ పనులయ్యాక 15, 16 మధ్య వస్తే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. అప్పటికీ 14 దాటకపోతే మూడు సిలిండర్లకీ కంప్రెషన్ పరీక్ష (లోపల ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసేది) చేయించండి. వాటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో దాటితే, తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వుల పనైతే హెడ్డు విప్పి చేయించుకోవచ్చు. రింగులైతే ఇంజన్ మొత్తం దించాలి. ఆ కొటేషన్ చేతికి వచ్చాక, మీ బండిని ఈ రోజు అమ్మితే ఎంతొస్తుందో కూడా కనుక్కుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించుకోండి.